నేల విడవని సాము

ఫెన్సింగ్ అనే మాట వినగానే ఏం గుర్తుకొస్తుంది? చేను చుట్టూ పాతిన రాళ్ళు, ముళ్ళతీగ గుర్తుకొస్తాయి. పశువులు లోపలికి రాకుండా వేసే కంచెను ఫెన్సింగ్ అంటారు. కానీ ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. కత్తితో ఆడే ఒక ఆట పేరు కూడా ఫెన్సింగే. తెలుగులో కత్తిసాము అనవచ్చు.

కంచెకూ కత్తిసాముకూ ఒకే పేరు ఎట్లా వచ్చింది? రెండూ 'డిఫెన్స్' అనే మాట నుంచి వచ్చాయి. డిఫెన్స్ అంటే కాపాడుకోవటం. కంచె చేనును కాపాడుతుంది. కత్తిసాము తెలిసినవాడు తన ఒంటిని కాపాడుకుంటాడు. అంటే ఈ విద్యలో కొట్టటం రెండో పాఠం. కాపాడుకోవటం మొదటి పాఠం.

పండగలప్పుడు ఊళ్ళో కర్రసాము చూసినవాళ్ళకు ఈ ఆట త్వరగా అర్థమవుతుంది. కర్ర తిప్పేవాడి చేతిని అందరూ చూస్తారు. విద్య తెలిసినవాడు మాత్రం కాళ్ళను చూస్తాడు. 'నేల విడిచి సాము చెయ్యకూడదు' అనే సామెత ఊరికే పుట్టలేదు. కత్తిసాముకు కూడా అదే సూత్రం.

ఆట ఎట్లా ఉంటుంది?

ఒకప్పుడు యూరప్ దేశాల్లో కత్తి యుద్ధాలు నిజంగానే జరిగేవి. పంతాలకు పోయి మనుషులు ప్రాణాలు తీసుకునేవారు. ఆ విద్యే తరవాత ఆటగా మారింది. 1896లో ఏథెన్స్ నగరంలో మొదటి ఆధునిక ఒలింపిక్ పోటీలు జరిగాయి. ఆ పోటీల్లోనే కత్తిసాము ఉంది.

ఆడే చోటు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పొడవు 14 మీటర్లు. వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. పక్కలకు పరిగెత్తటానికి చోటు ఉండదు. ముందుకు పోవాలి, లేకపోతే వెనక్కి రావాలి. వెనక గీత దాటి రెండు కాళ్ళూ బయటపడితే ఎదుటివాడికి ఒక పాయింటు వస్తుంది.

మొదటి దశలో ముందుగా 5 పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళు గెలుస్తారు. దానికి 3 నిమిషాల సమయం. తరవాతి దశలో 15 పాయింట్లకు ఆడతారు. ఆ దశలో ఓడినవాళ్ళు ఇంటికి పోవాల్సిందే.

ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరూ కత్తి ఎత్తి ఒకరికొకరు వందనం చేస్తారు. రెఫరీకీ, చూసేవాళ్ళకూ వందనం చేస్తారు. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆటలో అది నియమం కూడా.

మూడు కత్తులు, మూడు పద్ధతులు

ఈ ఆటలో మూడు రకాల కత్తులు ఉన్నాయి. వాటి పేర్లు ఫాయిల్, ఎపే, సేబర్. ఏ కత్తికీ పదును ఉండదు. మొన మొద్దుగా ఉంటుంది.

ఫాయిల్ తేలికైన కత్తి. బరువు 500 గ్రాములు దాటకూడదు. దీనితో పొడవటమే గానీ నరకటం లేదు. మొండేనికి తగిలితేనే పాయింటు. తలకు, చేతులకు, కాళ్ళకు తగిలితే లెక్క లేదు.

ఎపే కొంచెం బరువైన కత్తి. 770 గ్రాముల దాకా ఉండవచ్చు. దీనితో కూడా పొడవటమే. కానీ తల నుంచి కాలి వేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. ఇద్దరూ ఒకేసారి పొడిస్తే ఇద్దరికీ పాయింటు ఇస్తారు.

సేబర్ గుర్రపు సైనికుల కత్తి లాంటిది. దీనితో పొడవవచ్చు, వేటు కూడా వెయ్యవచ్చు. నడుము పైభాగం లెక్కలోకి వస్తుంది. తలకు తగిలినా పాయింటే. మూడింటిలో ఇదే చాలా వేగమైన ఆట.

ఫాయిల్‌లోనూ సేబర్‌లోనూ ఒక ముఖ్యమైన నియమం ఉంది. ఇద్దరి కత్తులూ ఒకేసారి తగిలితే, ముందు దాడి మొదలుపెట్టినవాళ్ళకే పాయింటు. రెండోవాళ్ళు ముందు ఆ దాడిని అడ్డుకోవాలి. అడ్డుకున్నాక తిరిగి కొట్టే హక్కు వాళ్ళకు వస్తుంది. ఈ నియమం ఎందుకు? నిజమైన కత్తి గుండె మీదికి వస్తుంటే తెలివైనవాడు ఏం చేస్తాడు? ముందు దాన్ని పక్కకు నెడతాడు. ఆ తరవాతే తాను కొడతాడు. 'నేను చచ్చినా సరే, వాణ్ణి పొడుస్తా' అనేవాడికి ఈ ఆటలో పాయింటు లేదు.

దీపం చెప్పే తీర్పు

కత్తి తగిలిందా లేదా అని కంటితో చెప్పటం కష్టం. అందుకే కరెంటు సాయం తీసుకుంటారు. ఫాయిల్, ఎపే కత్తుల మొనలో చిన్న మీట ఉంటుంది. మొన ఎదుటివాడి ఒంటి మీద నొక్కుకుంటే మీట లోపలికి పోతుంది. అప్పుడు దీపం వెలుగుతుంది. ఊరికే రాసుకుంటే వెలగదు. ఫాయిల్ మీట నొక్కుకోవటానికి 500 గ్రాముల కంటే ఎక్కువ ఒత్తిడి పడాలి. ఎపే మీటకు 750 గ్రాముల కంటే ఎక్కువ పడాలి. సేబర్‌కు మీట ఉండదు. కత్తి తగిలితే చాలు.

ఫాయిల్, సేబర్ ఆడేవాళ్ళు పైన ఒక మెరిసే కోటు వేసుకుంటారు. దాని బట్టలో లోహపు దారాలు ఉంటాయి. లెక్కలోకి వచ్చే చోట తగిలిందని దీపానికి తెలిసేది ఆ దారాల వల్లనే. ఫాయిల్‌లో లెక్కలోకి రాని చోట తగిలితే తెల్ల దీపం వెలుగుతుంది. ఎపేలో ఒళ్ళంతా లెక్కే కాబట్టి ఈ కోటు అవసరం లేదు.

కాళ్ళే పునాది

కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే కత్తి ఇమ్మంటారు. మంచి గురువు ఇవ్వడు. ముందు నిలబడటం నేర్పుతాడు.

కుడిచేతివాటం వాళ్ళకు కుడికాలు ముందు ఉండాలి. ముందు పాదం ఎదుటివాడి వైపు చూడాలి. వెనక పాదం పక్కకు తిరిగి ఉండాలి. రెండు పాదాలూ కలిసి మూలమట్టం ఆకారంలో ఉంటాయి. రెండు మడమల మధ్య సుమారు ఒకటిన్నర పాదాల ఎడం చాలు. మోకాళ్ళు కొంచెం వంచాలి. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పడాలి. నడుము వంగకూడదు.

ముందుకు పోయేటప్పుడు ముందు కాలు కదలాలి. తరవాత వెనక కాలు అంతే దూరం రావాలి. వెనక్కి వచ్చేటప్పుడు వెనక కాలు ముందు కదలాలి. కాలికి కాలు తగలకూడదు. ఒంట్లో ఎగిరెగిరి పడటం ఉండకూడదు. బిందె నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని చూడండి. అడుగులు వేగంగా పడతాయి, బిందె మాత్రం తొణకదు. ఆ నడకే కావాలి.

దాడి చేసేటప్పుడు పొడవు అడుగు వెయ్యాలి. ఇక్కడ ఒక క్రమం ఉంది. ముందు చెయ్యి చాపాలి. తరవాత ముందు కాలు ఎగరాలి. వెనక కాలు నేలను గట్టిగా తన్ని తిన్నగా కావాలి. ముందు పాదం నేల మీద ఆనాక మోకాలు పాదం దాటి ముందుకు పోకూడదు. అట్లా పోతే మోకాలికి దెబ్బ. పైగా వెనక్కి లేవటానికి ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యంలోనే ఎదుటివాడు కొడతాడు.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. చెయ్యి ఒంటి దగ్గర పెట్టుకుని ముందు కాలు వేస్తారు. అంటే ఒంటిని కత్తికి ఎదురుగా తీసుకుపోయి అప్పగిస్తారు.

చెయ్యి ఎట్లా ఉండాలి?

కత్తిని పిడికిలి బిగించి పట్టకూడదు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. గట్టిగా పడితే పిచ్చుక చస్తుంది. వదులుగా పడితే ఎగిరిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు కత్తిని నడిపిస్తాయి. మిగతా మూడు వేళ్ళు సాయం పడతాయి. భుజం బిగుసుకుంటే మొన వణుకుతుంది.

ఎదుటివాడి కత్తిని అడ్డుకోవటాన్ని పారీ అంటారు. అడ్డుకున్న వెంటనే తిరిగి కొట్టటాన్ని రిపోస్ట్ అంటారు. పారీ చేసేటప్పుడు కత్తిని ఆ చివరి నుంచి ఈ చివరికి ఊపనక్కర్లేదు. ఎదుటి కత్తి ఒంటిని తప్పించుకుని పోతే చాలు. అంతకంటే ఎక్కువ ఊపితే రెండో వైపు ఖాళీ అవుతుంది. తలుపు మూయబోయి కిటికీ తెరిచినట్టు అవుతుంది.

బుద్ధితో ఆడే ఆట

కత్తిసాము బలవంతుడి ఆట కాదు. బుద్ధి ఉన్నవాడి ఆట. దీనిలో నాలుగు ఎత్తులు ముఖ్యం.

మొదటిది దూరం. ఎదుటివాడు ఒక పొడవు అడుగు వేసినా అందనంత ఎడంలో ఉండాలి. కొట్టదలచినప్పుడే ఆ ఎడం తగ్గించాలి. దూరం తెలిసినవాణ్ణి కొట్టటం కష్టం.

రెండోది గమనించటం. మొదటి రెండు మూడు పాయింట్లలో ఎదుటివాడి అలవాటు తెలుసుకోవాలి. మీదికి పోతే వెనక్కి పోతాడా? నిలబడి అడ్డుకుంటాడా? ప్రతిసారీ ఒకే వైపు అడ్డుకుంటాడా? అలవాటు తెలిస్తే సగం గెలిచినట్టే.

మూడోది దొంగ దాడి. ఒక వైపు కొట్టబోతున్నట్టు చూపాలి. ఎదుటివాడు ఆ వైపు అడ్డుకోవటానికి కత్తి కదుపుతాడు. అప్పుడు రెండో వైపు కొట్టాలి. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒక వైపు చూసి ఇంకో వైపు తాకినట్టే ఇది. కానీ చూపింది నిజమని ఎదుటివాడు నమ్మాలి. నమ్మకపోతే కదలడు.

నాలుగోది లయ మార్చటం. ఒకే వేగంతో అడుగులు వేస్తే ఎదుటివాడికి లెక్క దొరుకుతుంది. నెమ్మదిగా రెండు అడుగులు వేసి, మూడోది వేగంగా వెయ్యాలి. ఒకసారి పనికొచ్చిన ఎత్తును వెంటనే మళ్ళీ వాడితే, అది రెండోసారి కూడా పనికొస్తుందని ధీమా లేదు.

అన్నిటికంటే ముఖ్యం కోపాన్ని అణచుకోవటం. పాయింటు పోయిన వెంటనే కసిగా మీదపడేవాడు ఇంకో పాయింటు పోగొట్టుకుంటాడు.

1982లో ఏం జరిగింది?

పదును లేని కత్తే కదా, ప్రమాదం ఏముంది అనుకోవచ్చు. ఒకప్పుడు చాలామంది అట్లాగే అనుకున్నారు.

వ్లదీమిర్ స్మిర్నోవ్ సోవియట్ యూనియన్ ఆటగాడు. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో ఫాయిల్‌లో బంగారు పతకం గెలిచాడు. 1982 జూలైలో రోమ్ నగరంలో ప్రపంచ పోటీలు జరిగాయి. అక్కడ పశ్చిమ జర్మనీ ఆటగాడు మథియాస్ బేర్‌తో ఆడుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి ముందుకు వచ్చారు. బేర్ కత్తి విరిగింది. విరిగిన కత్తికి మొన మొద్దుగా ఉండదు, పదునుగా ఉంటుంది. ఆ ముక్క స్మిర్నోవ్ ముసుగు జాలీని చీల్చుకుని కంటి గుండా మెదడులోకి పోయింది. కొన్ని రోజులకు అతను చనిపోయాడు. వయసు 28 ఏళ్ళు.

బేర్ కావాలని చేసింది కాదు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. సామాను బలం చాలలేదు. ఆ చావు తరవాత నియమాలు గట్టిపడ్డాయి. ముసుగుల జాలీ బలం పెంచారు. దుస్తుల్లో కెవ్లార్ లాంటి గట్టి దారాలు వచ్చాయి. పెద్ద పోటీల కత్తులకు మరేజింగ్ అనే ప్రత్యేక ఉక్కు వాడుతున్నారు. ఆ ఉక్కులో పగులు నెమ్మదిగా పాకుతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం ఎందుకు? ముందే జాగ్రత్త పడితే ఈ ఆటలో ప్రాణభయం చాలా తక్కువ.

ఏ సామాను ఎట్లా కొనాలి?

పిల్లవాడు చేరగానే అన్నీ కొనాల్సిన పని లేదు. నేర్పే చోట ముసుగు, కోటు, కత్తి మొదట్లో వాళ్ళే ఇస్తుంటారు. ముందు ఒక జత బూట్లు, ఒక చేతి తొడుగు కొంటే చాలు. కొన్ని నెలలు చూడాలి. పిల్లలకు ఆట మీద ఇష్టం నిలిచిందా? మూడు కత్తుల్లో ఏది పట్టబోతున్నారు? అది తేలాకే మిగతావి కొనాలి. ఎందుకంటే సేబర్ ముసుగు వేరు, ఎపే ముసుగు వేరు.

ముసుగు: ఇది అన్నిటికంటే ముఖ్యం. తొడుక్కుని తల గట్టిగా ఊపి చూడాలి. కదిలితే ఆ కొలత పనికిరాదు. జాలీలో సొట్టలు, తుప్పు ఉంటే తీసుకోకూడదు. ముసుగులో గొంతును కాపాడే గుడ్డ భాగం ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో దాని బలం 1600 న్యూటన్లు ఉండాలి. జాలీని పరీక్షించటానికి 12 కిలోల ఒత్తిడితో పొడిచే పరికరం ఉంది. పాత ముసుగును ఆ పరీక్ష చెయ్యకుండా వాడకూడదు.

కోటు: వీటి మీద 350 అనో 800 అనో అంకె ఉంటుంది. అది గుచ్చుకోకుండా ఆపే బలాన్ని చెబుతుంది. నేర్చుకునేటప్పుడు 350 సరిపోతుంది. అంతర్జాతీయ పోటీలకు 800 కావాలి. ఎడమచేతివాటం పిల్లలకు కోటు వేరుగా ఉంటుంది. కత్తి పట్టే చేతికి రెండో వైపు బిగింపు రావాలి. కొనేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే డబ్బు వృథా.

లోపలి తొడుగు: కోటు కింద కత్తి పట్టే వైపు చంకకు, పక్కకు ఇంకో తొడుగు వెయ్యాలి. కోటు కుట్టు ఊడినా అది కాపాడుతుంది. ఆడపిల్లలు ఛాతీకి గట్టి కవచం తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ప్యాంటు: కోటు దాని మీదికి కనీసం 10 సెంటీమీటర్లు దిగాలి. ముందుకు వంగినప్పుడు మధ్యలో ఒళ్ళు కనపడకూడదు.

చేతి తొడుగు: పొడవుగా ఉండాలి. మోచేతికీ మణికట్టుకూ మధ్య సగం దాకా రావాలి. కోటు చెయ్యి దాని లోపలికి పోవాలి. లేకపోతే ఎదుటి కత్తి చేతి గుండా లోపలికి దూరుతుంది.

కత్తి: చిన్నపిల్లలకు పొట్టి కత్తులు ఉంటాయి. పెద్దల కత్తి కొని 'ఎదిగాక సరిపోతుందిలే' అనుకోకూడదు. చెప్పులు పెద్దవైతే నడవవచ్చు గానీ కత్తి పెద్దదైతే చెయ్యి పాడవుతుంది. పిడి తిన్నగా ఉండేదీ ఉంది, వేళ్ళకు అచ్చు పోసినట్టు ఉండేదీ ఉంది. తిన్నని పిడితో మొదలుపెడితే వేళ్ళకు పని తెలుస్తుంది. ఆడే ప్రతిసారీ కత్తిని చేత్తో తడిమి చూడాలి. గాటు కనపడినా, పాములాగా మెలిక తిరిగినా పక్కన పెట్టాలి. విరిగిన కత్తిని అరగదీసి మళ్ళీ వాడకూడదు.

దుస్తులను బ్లీచింగు పొడితో ఉతకకూడదు. దారం బలం పోతుంది. కెవ్లార్ ఉన్న బట్టను ఎండలో వెయ్యకూడదు. నీడలో ఆరబెట్టాలి. చెమట తగిలిన కత్తిని పొడిగుడ్డతో తుడవాలి. తడి సంచిలో పడేస్తే వారంలో తుప్పు.

వెదురుకర్రతో మొదలు

ఇంత ఖర్చు మనవల్ల అవుతుందా అని తల్లిదండ్రులు వెనక్కి తగ్గవచ్చు. భవానీదేవి కథ అటువంటివాళ్ళు తెలుసుకోవాలి.

భవానీదేవి చెన్నైలో 1993లో పుట్టింది. ఇంటిపేరు చదలవాడ. తండ్రి గుడి పూజారి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోట నుంచి చెన్నై వెళ్ళి స్థిరపడ్డాడు. తల్లి గృహిణి. 2004లో బడిలో ఆటలకు పేర్లు రాసుకుంటున్నారు. మిగతా ఆటల్లో ఖాళీలు అయిపోయాయి. కత్తిసాము మిగిలింది. ఆ పిల్ల దానిలో చేరింది.

కరెంటు కత్తుల ఖరీదు ఎక్కువ. విరిగితే మళ్ళీ కొనటం కష్టం. అందుకని సాధనకు వెదురుకర్రలు వాడారు. కత్తిని పోటీల కోసం దాచుకున్నారు. 14 ఏళ్ళ వయసులో తుర్కియే దేశంలో మొదటి అంతర్జాతీయ పోటీకి వెళ్ళింది. ఆట దగ్గరికి 3 నిమిషాలు ఆలస్యంగా చేరింది. రెఫరీ నల్లకార్డు చూపించాడు. అంటే పోటీ నుంచి తీసేసినట్టే. అంత దూరం పోయి ఆడకుండా తిరిగి వచ్చింది. కానీ ఆట మానలేదు. కేరళలోని తలశ్శేరిలో, తరవాత ఇటలీలో శిక్షణ తీసుకుంది.

టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి. ఒలింపిక్స్‌లో కత్తిసాము ఆడిన మొదటి భారతీయురాలు ఆమే. జూలై 26న సేబర్‌లో ట్యునీషియా అమ్మాయి మీద 15-3తో గెలిచింది. తరవాతి ఆటలో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రునే చేతిలో 7-15తో ఓడింది. 2023లో చైనాలో జరిగిన ఆసియా పోటీల్లో అప్పటి ప్రపంచ విజేత, జపాన్‌కు చెందిన మిసాకి ఎమురాను ఓడించింది. కంచు పతకం తెచ్చింది.

ఈ కథలో గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటి ఉంది. సాధనలో కత్తి బదులు వెదురుకర్ర పట్టవచ్చు. కాళ్ళకు నడక నేర్పటానికి ఖర్చే లేదు. వాకిట్లో గీత గీసుకుంటే చాలు. కానీ ముసుగుకు బదులు ఏదీ లేదు. పిల్లలు ఆటగా పుల్లలతో పొడుచుకున్నా కన్ను పోతుంది. అందుకే ఎదురుగా మనిషి నిలబడితే ముసుగు ఉండాలి. కర్ర చేతిలో ఉన్నా సరే, కత్తి చేతిలో ఉన్నా సరే. డబ్బు తక్కువైతే కత్తి దగ్గర తగ్గించుకోవాలి గానీ ముసుగు దగ్గర కాదు.

నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎక్కడ నేర్పుతారో జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడగవచ్చు. చేర్చే ముందు తల్లిదండ్రులు ఒకసారి వెళ్ళి చూడాలి. ముసుగు లేకుండా ఎవరినైనా ఆడనిస్తున్నారా? కత్తులు పరీక్షిస్తున్నారా? మొదటి రోజే కత్తి చేతికిచ్చారా, నిలబడటం నేర్పారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే గురువు మంచి చెడ్డలు తెలిసిపోతాయి.

చేనుకు ముందు కంచె వేస్తారు. ఆ తరవాతే పంట గురించి ఆలోచిస్తారు. కత్తిసాము కూడా అంతే.

చర్చించండి

1. కంచెకూ కత్తిసాముకూ ఒకే పేరు ఎందుకు వచ్చింది?
2. మీ ఊళ్ళో కర్రసాము తెలిసినవాళ్ళు ఉన్నారా? వాళ్ళు పిల్లలకు మొదట ఏం నేర్పుతారో అడిగి తెలుసుకోండి.
3. 1982లో జరిగిన ప్రమాదం తరవాత ఏ మార్పులు వచ్చాయి?
4. చేతిలో డబ్బు తక్కువగా ఉంది. ముసుగు, కత్తి, బూట్లు, కోటు - వీటిలో ఏది ముందు కొంటారు? ఏది అడిగి తెచ్చుకుంటారు? ఎందుకు?
5. 'ఆడపిల్లకు కత్తిసాము ఎందుకు?' అని ఎవరైనా అంటే మీరు ఏం చెబుతారు?